గుడారం వేసుకో... బంగారం ఏరుకో!

రోడ్డు మీద పది రూపాయల నోటు దొరికితేనే అటూ ఇటూ చూసి జేబులో వేసుకుంటాం. అలాంటిది అడవిలో బంగారం దొరికితే? మామూలుగా చాలా దేశాల్లో అది సర్కారు సొత్తు. తవ్వినవాడి మీద కేసు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మాత్రం అలా కాదు. సెలవు రోజున గుడారం, గిన్నెలు, చిన్న పార కారులో వేసుకుని వెళ్లొచ్చు. సర్కారువారి అడవిలోనే మకాం పెట్టొచ్చు. పగలంతా బంగారం వెతుక్కోవచ్చు. దొరికింది దొరికినవాడి సొంతం!

కావలసిందల్లా ఒక కాగితం. దాని పేరు ‘మైనర్స్ రైట్’. మైనరు అంటే పిల్లవాడు కాదు, గని తవ్వేవాడు. ఖరీదు ముప్ఫై ఆస్ట్రేలియా డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒకసారి కొంటే పదేళ్లు చెల్లుతుంది. నెట్‌లో డబ్బు కట్టి తీసుకోవచ్చు. దీన్ని లైసెన్సు అనకుండా ‘హక్కు’ అనడంలోనే ఓ పెద్ద కథ ఉంది. ఆ మాట కోసం ఇరవై మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

పావుగంట యుద్ధం

విక్టోరియాలో బంగారం బయటపడింది 1851లో. క్లూన్స్, బల్లారట్, క్యాజిల్‌మెయిన్, బెండిగో... ఒక్క ఏడాదిలోనే ఒకదాని తర్వాత ఒకటిగా ఈ పేర్లు ప్రపంచమంతా మారుమోగాయి. ఇంగ్లండు, ఐర్లండు, అమెరికా, చైనాల నుంచి ఓడల కొద్దీ జనం దిగారు. మెల్‌బోర్న్‌లో గుమాస్తాలు కలాలు, కాపరులు గొర్రెలు వదిలేసి గుడారాలు భుజాన వేసుకుని బయల్దేరారు.

బ్రిటిష్ అధికారులు ఊరుకుంటారా? తవ్వేవాడు ప్రతి ఒక్కడూ నెలకు 30 షిల్లింగులు కట్టి లైసెన్సు తీసుకోవాలన్నారు. బంగారం దొరికినా, దొరక్కపోయినా కట్టాల్సిందే. కొందరు నెలల తరబడి బావి లోతుకు తవ్వినా చేతికి మట్టే వచ్చేది. అయినా సరే, గుర్రాల మీద పోలీసులు వచ్చి కాగితం చూపమనేవారు. లేకపోతే సంకెళ్లు. తవ్వేవాళ్లకు ఓటు లేదు, భూమి కొనుక్కునే దారి లేదు. పన్ను మాత్రం ఉంది.

1854 నవంబరు చివర్లో బల్లారట్‌లోని బేకరీ హిల్ దగ్గర జనం లైసెన్సులను కుప్పపోసి తగలబెట్టారు. నీలం గుడ్డ మీద తెల్లటి శిలువ, నక్షత్రాలు కుట్టిన జెండా ఎగరేశారు. పీటర్ లేలర్ అనే ఐరిష్ యువకుడు నాయకుడయ్యాడు. యురేకా అనే చోట కలపతో ఓ దడి కట్టుకుని లోపల కూర్చున్నారు. డిసెంబరు 3, ఆదివారం. తెల్లవారకముందే సైనికులు వచ్చి పడ్డారు. పోరు పావుగంటకు మించి సాగలేదు. తవ్వకందారుల్లో ఇరవై మందికి పైగా నేలకొరిగారు. కొందరు సైనికులూ చనిపోయారు. లేలర్ ఎడమ చెయ్యి పోయింది.

ఓడింది తవ్వకందారులే. కానీ మరుసటి ఏడాది రాజద్రోహం కేసులో బోనెక్కించిన పదమూడు మందినీ జ్యూరీ నిర్దోషులుగా వదిలేసింది. నెలవారీ లైసెన్సు పోయింది. దాని బదులు ఏడాదికి ఒక్క పౌండు కడితే చాలునంటూ 1855లో మైనర్స్ రైట్ వచ్చింది. దాంతోపాటే ఓటూ వచ్చింది. ఒంటి చేతి లేలర్ అదే ఏడాది శాసనమండలిలో అడుగుపెట్టాడు. తర్వాతి కాలంలో శాసనసభకు స్పీకరయ్యాడు! చినిగిపోయిన ఆ జెండా బల్లారట్‌లోని యురేకా సెంటర్‌లో ఇప్పటికీ ఉంది. అడవికి వెళ్లే ముందు దాన్ని చూసి వెళ్తే జేబులోని కాగితం విలువ తెలుస్తుంది.

అయితే ఆ హక్కు అందరికీ ఒకేలా అందలేదు. అదే 1855లో, ఓడ దిగే ప్రతి చైనీయుడి మీదా 10 పౌండ్ల పన్ను వేశారు. ఆ బాధ తప్పించుకోవడానికి వేలమంది పక్క రాష్ట్రమైన దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, అక్కణ్నుంచి బంగారు నేలల దాకా వందల కిలోమీటర్లు కాలినడకన వచ్చారు. 1857లో అలా నడుస్తూ ఒకచోట ఆగినప్పుడే వాళ్లకు కొత్త బంగారు క్షేత్రం కనబడింది. ఆ చోటు పక్కనే పెరిగిన ఊరు అరరాట్.

ఇక ఆ నేల అసలు హక్కుదారులు జాజా ఉరుంగ్ ఆదివాసులు. ఎవరూ వాళ్లను అడగలేదు. కొండలు తవ్వి, వాగులు మళ్లించి, చెట్లు నరికాక మిగిలిన తమ ప్రాంతాన్ని వాళ్లు ‘తలకిందులైన నేల’ అంటారు. అడవిలో నాలుగడుగులు వేస్తే ఆ మాట ఎంత నిజమో కనిపిస్తుంది. ఎటు చూసినా గుంతలు, మట్టిదిబ్బలే. 2013లో విక్టోరియా ప్రభుత్వం వాళ్లను ఆ ప్రాంతపు సంప్రదాయ హక్కుదారులుగా గుర్తిస్తూ ఒప్పందం చేసుకుంది.

బంగారు త్రికోణం

ఎక్కడికి వెళ్లాలి? మెల్‌బోర్న్‌కు వాయవ్యంగా అవోకా, క్యాజిల్‌మెయిన్, వెడర్‌బర్న్ ఊళ్లను గీతలతో కలిపితే వచ్చే ప్రాంతాన్ని ‘గోల్డెన్ ట్రయాంగిల్’ అంటారు. మేరీబరో, డనోలీ, టార్నగుల్లా, మోలియగుల్, ఇంగిల్‌వుడ్ అన్నీ ఈ చుట్టుపక్కలే. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే టార్నీట్, పాయింట్ కుక్ వంటి మెల్‌బోర్న్ పడమటి శివార్ల నుంచి బల్లారట్ గంట ప్రయాణం. మరో గంట ముందుకెళ్తే త్రికోణం నడిబొడ్డు. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు బీచ్‌లు, మాల్స్ చూసి విసుగెత్తితే ఇదో మంచి మార్పు.

అడవి అంటే మన నల్లమలలా దట్టంగా ఉండదు. పలచగా పెరిగిన యూకలిప్టస్ జాతి చెట్లు. మన జామాయిల్ తోటల్లోని చెట్లకు దాయాదులే. నేల ఎర్రగా, గట్టిగా ఉంటుంది. దాని మీద తెల్లగా మెరిసే పలుగురాళ్లు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఆ పలుగురాయే ఇక్కడ గుర్తు. కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలి నుంచి వేడి నీళ్లు బంగారాన్ని మోసుకొచ్చి రాళ్ల పగుళ్లలో పలుగురాయితోపాటు పేర్చాయి. పైనున్న రాయి కాలక్రమంలో అరిగిపోయింది. పలుగురాయి ముక్కలైంది. బరువైన బంగారం మాత్రం ఎక్కువ దూరం పోలేక అక్కడక్కడే మట్టిలోకి దిగింది. అందుకే ఈ ప్రాంతంలో ఇసుక రేణువుల్లాంటి బంగారమే కాదు, ముద్దలూ దొరుకుతాయి. అదీ జానెడు లోతులో!

జానెడు కూడా ఎక్కువే. 1869 ఫిబ్రవరి 5న మోలియగుల్ దగ్గర జాన్ డీసన్ అనే ఆయన చెట్టు వేళ్ల దగ్గర పికాసుతో పొడిచాడు. ఠంగుమంది. మళ్లీ పొడిచాడు, మళ్లీ ఠంగు. మట్టి తీసి చూస్తే నేలకు ఒక అంగుళం లోతులో బంగారు బండ! భాగస్వామి రిచర్డ్ ఓట్స్‌ను పిలిచాడు. ఇద్దరూ కలిసి దాన్ని డనోలీలోని బ్యాంకుకు మోసుకెళ్లారు. అంత ముద్దను తూచే తక్కువ అక్కడ లేదు. కమ్మరి దాగలి మీద పెట్టి ముక్కలు చేశాకే తూకం వేయగలిగారు. దాదాపు 72 కిలోల మేలిమి బంగారం. ప్రపంచంలో దొరికిన అతి పెద్ద ముద్ద అదే. దానికి ‘వెల్‌కమ్ స్ట్రేంజర్’ అని పేరు పెట్టారు. ముక్కలు చేయబట్టి ఇప్పుడు చూద్దామన్నా నమూనాలే మిగిలాయి. దొరికిన చోట ఓ స్తూపం ఉంది.

పాతకాలం ముచ్చటని కొట్టిపారేయడానికి లేదు. 1980లో అక్కడికి దగ్గర్లోని కింగోవర్ వద్ద మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతున్న వ్యక్తికి 27 కిలోల ముద్ద దొరికింది. అరచెయ్యి ఎత్తినట్టుండే దాన్ని ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ అన్నారు. అమెరికాలోని లాస్‌వేగాస్ క్యాసినో ఒకటి పది లక్షల డాలర్లకు పైగా పెట్టి కొనుక్కుంది. 2023లో ఒకాయన 1,200 డాలర్ల డిటెక్టర్‌తో తిరుగుతూ 4.6 కిలోల రాయి పట్టుకొచ్చాడు. అందులో 2.6 కిలోలు బంగారమే. ఇలాంటి వార్త పేపర్లో వచ్చిన మరుసటి ఆదివారం త్రికోణంలో కార్ల రద్దీ పెరగడం మామూలే. 2025 మార్చిలో ఔన్సు బంగారం తొలిసారి 3,000 అమెరికా డాలర్లు దాటాక చెప్పేదేముంది!

ఎక్కడ ఉండొచ్చు, ఎక్కడ తవ్వొచ్చు?

తిరకాసంతా ఇక్కడే. గుడారం వేయడానికి అనుమతి ఉన్న చోటల్లా బంగారం వెతకడానికి వీల్లేదు. వెతకడానికి అనుమతి ఉన్న చోటల్లా గుడారానికి వీల్లేదు. రెండూ కుదిరే చోటు చూసుకోవాలి.

అన్నిటికంటే సులువు స్టేట్ ఫారెస్ట్. మన రిజర్వు అడవుల్లాంటివే, కానీ జనానికి తలుపులు తెరిచి ఉంటాయి. చాలాచోట్ల నచ్చిన చోట గుడారం వేసుకోవచ్చు. రుసుము లేదు, ముందుగా బుక్ చేసుకునే పని లేదు. అలాగని సౌకర్యాలూ ఉండవు. కుళాయి, కరెంటు, మరుగుదొడ్డి ఏవీ ఉండవు. తాగడానికి, వంటకు, కడుక్కోవడానికి నీళ్లన్నీ ఇంటి నుంచి తెచ్చుకోవాల్సిందే. వాగుకు కనీసం 20 మీటర్ల ఎడంగా మకాం వేయాలి. మైనర్స్ రైట్ ఉంటే ఈ అడవుల్లో చాలా భాగం వెతుక్కోవచ్చు.

నేషనల్ పార్కుల్లో మామూలుగా తవ్వకం నిషేధం. అయితే కొన్నిచోట్ల గీత గీసి కొంత భాగాన్ని వదిలారు. గ్రేటర్ బెండిగో పార్కు, క్యాజిల్‌మెయిన్ డిగ్గింగ్స్ హెరిటేజ్ పార్కు అలాంటివే. మేరీబరో పక్కనున్న ప్యాడీస్ రేంజెస్, కింగోవర్ పక్కనున్న కుయూరా స్టేట్ పార్కుల్లో గుడారాల మైదానాలున్నాయి, బంగారం వెతకడానికి కేటాయించిన భాగాలూ ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవారికి ఇవి మేలు. కుయూరాలో పెద్ద పెద్ద బండల మధ్య మెల్‌విల్ గుహలున్నాయి. మెల్‌విల్ అనే దారిదోపిడీ దొంగ అక్కడ దాక్కున్నాడని చెప్పుకుంటారు. బంగారం దొరక్కపోయినా పిల్లలకు ఆ కథ చాలు.

ప్రైవేటు పొలమైతే మైనర్స్ రైట్ ఉన్నా సరిపోదు, యజమాని ఒప్పుకోవాలి. ఏదైనా కంపెనీకి గని లైసెన్సు ఇచ్చిన నేలలోనూ ఇష్టానుసారం కుదరదు. కొన్ని నదులు, వాగుల్లో పూర్తిగా నిషేధం. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎలా? రాష్ట్ర గనుల శాఖ ‘జియోవిక్’ అనే పటాన్ని నెట్‌లో పెట్టింది. ఎక్కడ తవ్వొచ్చో, ఎక్కడ కూడదో రంగుల్లో కనిపిస్తుంది. బయల్దేరే ముందు దాన్ని చూసుకోవడం, పార్కు నోటీసులు చదవడం తప్పనిసరి. అడవిలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకుంటే కష్టం.

మన కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి పడగానే వజ్రాల కోసం జనం చెట్ల కింద మకాం వేసి పొలాలన్నీ గాలించడం తెలిసిందే. అక్కడ చేతిలో కాగితమంటూ ఏదీ ఉండదు. రైతు ఊరుకుంటే ఏరుకుంటారు, విత్తనం పడ్డాక తరిమితే వెళ్లిపోతారు. ఆశ మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

బియ్యం గాలించినట్టే!

పనిముట్ల విషయంలో చట్టం ఖరాఖండిగా ఉంటుంది. పార, పికాసు, జల్లెడ, పళ్లెం, చేత్తో ఊపే పెట్టె, మెటల్ డిటెక్టర్ వరకు సరే. జేసీబీల్లాంటి యంత్రాలు, మందుగుండు కుదరవు. వాగులో మోటారు పంపు పెట్టడమూ నేరమే. తవ్విన ప్రతి గుంతనూ పూడ్చాలి. చెట్లను, పొదలను పాడుచేయకూడదు. ఆదివాసుల రాతి పనిముట్లు, పాత గుడిసెల ఆనవాళ్లు కనబడితే ముట్టుకోకుండా వదిలేయాలి.

కొత్తవాళ్లు పళ్లెంతో మొదలుపెట్టడం మంచిది. ఖర్చు తక్కువ, పిల్లలకూ సరదా. వాగు వంపు తిరిగే చోట లోపలి వైపున, పెద్ద బండల వెనక, అడుగు రాయి పగుళ్లలో మట్టి తీసుకోవాలి. ప్రవాహం నెమ్మదించినచోట బరువైనవి కిందికి దిగుతాయి కాబట్టి. ఇక మిగిలిన పని మన అమ్మమ్మలకు వెన్నతో పెట్టిన విద్య. బియ్యం గాలించడమే! నీళ్లలో పళ్లేన్ని తిప్పుతూ, కాస్త వంచుతూ తేలికైన మట్టిని, ఇసుకను వదిలేస్తూ పోవాలి. బియ్యం గాలిస్తే అడుగున రాళ్లు మిగులుతాయి, వాటిని పారేస్తాం. ఇక్కడ అడుగున మిగిలిందే కావాలి. బంగారం నీటికన్నా 19 రెట్లు బరువు. చివరికి చారెడు నల్ల ఇసుక, దాని అంచున ఆవగింజలో సగం ఉండే పసుపు చుక్క. అది కనబడితే ఆ రోజు పండినట్టే. ఎండలో మెరిసి నీడలో మెరవకపోతే అది అభ్రకం. నీడలోనూ పచ్చగా ఉంటే బంగారం.

డిటెక్టర్ కథ వేరు. మంచిదైతే కొన్ని వేల డాలర్లు. ఎర్రమట్టిలోని ఇనుము వల్ల చవకరకం యంత్రాలు ఊరికే కూస్తుంటాయి. కూసిన చోటల్లా తవ్వితే బయటపడేవి తుపాకీ గుళ్లు, గుర్రపు నాడాల మేకులు, సీసా మూతలు. రోజంతా వంగి తవ్వి, సాయంత్రానికి జేబు నిండా తుప్పు మేకులతో తిరిగొచ్చేవారే ఎక్కువ. పెట్రోలు డబ్బులైనా వస్తాయని లెక్క వేసుకుని వెళ్లేవారు నిరాశపడక తప్పదు. అందుకే ఏళ్ల తరబడి వెళ్తున్నవారిలో చాలామంది డిటెక్టర్‌తోపాటు మంచి మడత కుర్చీ కూడా తీసుకెళ్తారు.

భయం కూడా అవసరమే

ఈ అడవుల్లో అన్నిటికన్నా ప్రమాదం పాముల వల్ల కాదు. వేసవిలో ‘బ్రౌన్ స్నేక్’ భయం ఉన్న మాట నిజమే. కానీ అంతకన్నా ముప్పు పాత గని గుంతలు. నూటయాభై ఏళ్ల కిందట చేత్తో తవ్విన బావులు వేలల్లో ఉన్నాయి. చాలావాటికి కంచె లేదు. ఆకులు, కొమ్మలు కప్పేసి పైకి నేలలాగే కనిపిస్తాయి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చూపు నేలమీదే పెట్టి, వెనక్కి అడుగులు వేసేవాళ్లకు ఇవి మరీ చేటు. పిల్లల్ని చేయి వదలకూడదు. చీకటి పడ్డాక గుడారం దాటి పోకూడదు. పాత గని వ్యర్థాల మట్టిలో పాషాణం ఉండే అవకాశం ఉంది కాబట్టి, చేతులు కడుక్కోకుండా అన్నం తినకూడదు.

రెండోది నిప్పు. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో చెలరేగిన కార్చిచ్చులో 173 మంది చనిపోయారు. అందుకే నెగడు విషయంలో నిబంధనలు కఠినం. 30 సెంటీమీటర్ల లోతు గుంతలోనే నిప్పు రాజెయ్యాలి. చుట్టూ మూడు మీటర్ల దాకా ఎండుటాకు ఉండకూడదు. పక్కనే ఒకరు కాపలా ఉండాలి. ఆర్పేటప్పుడు మట్టి కప్పితే లోపల కణకణలాడుతూనే ఉంటుంది, నీళ్లే పోయాలి. ‘టోటల్ ఫైర్ బ్యాన్’ ప్రకటించిన రోజున అసలు వెలిగించకూడదు. ఆ రోజు పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లినవాళ్లే సుఖపడతారు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా వెళ్తే ఎండ, నిప్పు, పాము మూడు బాధలూ తగ్గుతాయి. రాత్రిళ్లు చలి మాత్రం గట్టిగా ఉంటుంది.

ఈ స్వేచ్ఛ ఎన్నాళ్లుంటుందన్న బెంగ బంగారం వెతికేవాళ్లలో ఉంది. మధ్య, పడమటి విక్టోరియాలోని కొన్ని స్టేట్ ఫారెస్టులను కలిపి వోంబాట్-లెర్డర్‌డెర్గ్, పిరెనీస్, మౌంట్ బువాంగర్ నేషనల్ పార్కులు ఏర్పాటు చేస్తామని 2021లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఒకసారి తవ్వి నాశనమైన అడవి ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది, దాన్ని వదిలేయండి అని ప్రకృతి ప్రేమికులంటారు. చేతి పారతో జానెడు తవ్వి పూడ్చేస్తే అడవికి వచ్చే నష్టమేమిటి, యురేకాలో సాధించుకున్న హక్కును ఒక్కో పార్కు పేరుతో కత్తిరిస్తారా అని వీళ్లంటారు. పూడ్చని గుంతలు అక్కడక్కడా కనిపిస్తున్నంతకాలం రెండోవాళ్ల వాదనకు బలం తక్కువే.

అన్నట్టు, మేరీబరో అడవిలో 2015లో డిటెక్టర్‌తో వెతుకుతున్న ఒకాయనకు పసుపు మట్టిలో ఎర్రటి బరువైన రాయి దొరికింది. 17 కిలోలు. ఇంత బరువుందంటే లోపల బంగారమేనని ఇంటికి తెచ్చుకున్నాడు. రంపంతో కోశాడు, డ్రిల్లు పెట్టాడు, ఆమ్లం పోశాడు, చివరికి సమ్మెటతో బాదాడు. బీటయినా వారలేదు. కొన్నేళ్లు చూసి చూసి మెల్‌బోర్న్ మ్యూజియానికి పట్టుకెళ్లాడు. అది 460 కోట్ల ఏళ్ల నాటి ఉల్క! మన భూమి ఏర్పడుతున్న కాలం నాటిది. ఆ రాష్ట్రంలో బంగారు ముద్దలు వేలల్లో దొరికాయి. అప్పటిదాకా దొరికిన ఉల్కలు మాత్రం పదిహేడే.